పెళ్ళి రుజువు

కూతురు తూదాకు ఆరేళ్ళు నిండాక ఇత్తో దాన్ని బడిలో చేర్చడానికి తీసుకెళ్ళింది. హెడ్మాస్టరు పిల్ల పుట్టిన కాగితం అడిగాడు. దానికోసం సర్కారు ఆఫీసుకు పోతే గుమాస్తా తల్లిదండ్రుల పెళ్ళి కాగితం అడిగాడు. అది లేదు. దేవదారు అడవి అంచున ఉన్న వాళ్ళ ఊళ్ళో పెళ్ళంటే మసీదు ఫకీహు వచ్చి ఫాతిహా చదవడం, పెద్దలు చేతులెత్తి ఆమీన్ అనడం, రెండు రోజులు డప్పులు మోగడం. కాగితం సంగతి అప్పుడెవరికీ తట్టలేదు.

మొగుడు హద్దూ పనికని మెక్నెస్ పట్నం వెళ్ళి మూడేళ్ళయింది. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తరవాత పండక్కి, తరవాత అదీ లేదు. అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడని ఊరందరికీ తెలుసు. ఇత్తో పుట్టింటికి వచ్చేసి, అన్న గొర్రెలు చూసుకుంటూ, కంబళ్ళు నేసుకుంటూ ఉంది. ఆమెకు కావలసినవి రెండే: పిల్లకు బడి, తనకు విడాకులు.

దగ్గరి పట్నం ఖెనిఫ్రాలో ఆడవాళ్ళ సంఘానికి ఒక గది ఉంది. గురువారం గురువారం అక్కడికి బతూల్ అనే లాయరు వచ్చేది. ఇత్తో చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీకు విడాకులు ఇప్పించాలంటే ముందు నీకు పెళ్ళయిందని తేల్చాలి," అంది.

కాగితం లేకుండా జరిగిన పెళ్ళిళ్ళను కోర్టులో రుజువు చేసుకోవడానికి గడువు ఇంకా ఉందనీ, రుజువైతే పిల్లకు తండ్రి పేరు వస్తుందనీ, విడాకుల అర్జీ ఆ తరవాతేననీ బతూల్ విడమరిచి చెప్పింది. అప్పటిదాకా చట్టం లెక్కలో ఇత్తో ఎవరి పెళ్ళామూ కాదు.

"వాణ్ణి వదిలించుకుందామని వస్తే మళ్ళీ వాడికే కట్టబెడతానంటావేంటి, లాయరమ్మా?"

"కొన్ని నెలలు ఓర్చుకో. కాగితం మీదేగా."

హద్దూకు నోటీసు వెళ్ళింది. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన లాయరును వెంటబెట్టుకుని కోర్టుకొచ్చాడు. పెళ్ళేమీ జరగలేదన్నాడు. ఈమె మా ఇంట్లో పనికి ఉండేది, అంతే అన్నాడు. బిడ్డ సంగతేమిటని జడ్జి అడిగితే నాకు తెలియదన్నాడు. మెక్నెస్ ఆమెతో వాడికి నిఖా రాయించుకునే పని ఉంది. మొదటి పెళ్ళాం ఉన్నట్టు తేలితే రెండో పెళ్ళికి కోర్టు అనుమతి కావాలి.

అరబ్బీలో సాగిన ఆ మాటలు ఇత్తోకు సగమే అర్థమయ్యాయి. ఆ సగమే చాలింది. ఏడుస్తుందేమోనని బతూల్ ఆమె మోచేయి పట్టుకుంది గాని ఇత్తోకు ఏడుపు రాలేదు. ఏడేళ్ళ కిందట ఆ ఇంటి గడప దాటినప్పుడు తన వంటి మీద ఏ రంగు కంబళి ఉందో గుర్తు చేసుకుంటూ కూర్చుంది. ఎర్రది, తెల్ల చారలది.

సాక్షులు దొరకడం కష్టమైంది. ఫకీహు చనిపోయాడు. డప్పులాయన వచ్చాడు గాని పెళ్ళి ఏ సంవత్సరమో అడిగితే మూడు వేర్వేరు సంవత్సరాలు చెప్పాడు. హద్దూ వైపు బంధువులు మొహం చాటేశారు.

"ఇంకెవరున్నారు ఆ రోజు?" అంది బతూల్.

"మా అత్త," అని ఇత్తో నవ్వింది.

అత్త యమ్నాకు ఇత్తో ఏనాడూ గిట్టలేదు. మజ్జిగ చిలకడం రాని పిల్లని తెచ్చుకున్నామని ఊరంతా చెప్పేది. పుట్టింటికి వచ్చాక ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఇత్తో కొండెక్కి వెళ్ళింది. ముసలామె ఉన్ని దువ్వుతూ అంతా వింది. కోర్టులో కొడుకన్నది ఉన్నదున్నట్టు మళ్ళీ చెప్పించుకుంది. వస్తానని గాని రానని గాని అనలేదు.

"పొద్దు గుంకకముందే దిగు. దారి బాలేదు," అంది చివరికి.

వాయిదా రోజు ఇత్తో, బతూల్ వెళ్ళేసరికి యమ్నా చేతికర్రతో, పండగ కంబళితో కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది.

తమ కొండభాష అమజీగులో ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక గుమాస్తా అరబ్బీలో వినిపించాడు. తల్లివి కాబట్టి నీ మాట ఎంతవరకు తీసుకోవాలో తరవాత చూస్తాను, ముందు తెలిసింది చెప్పు అన్నాడు జడ్జి.

"దీని చేతులకు గోరింట పెట్టింది నేను. రెండు గొర్రెల్ని కోయించింది నేను. పెళ్ళి కాకపోతే ఆ గొర్రెలు ఎందుకు కోశానయ్యా?"

"నీకేం తెలుసమ్మా, ఊరుకో," అన్నాడు హద్దూ.

"నోర్ముయ్. పెద్దమనిషి నన్నడుగుతున్నాడు." మళ్ళీ జడ్జి వైపు తిరిగింది. "పెళ్ళి కాని పిల్లని ఏళ్ళ తరబడి ఇంట్లో పెట్టుకున్నానంటే నాదేం కొంప అయినట్టు? వీణ్ణి కన్నాను. వీడి అబద్ధాన్ని నేను కనలేదు."

మరో వాయిదాకు డప్పులాయన తమ్ముడూ, ఇంకో ఇద్దరూ వచ్చి సాక్ష్యమిచ్చారు. రంజాను ముందు తీర్పు వచ్చింది. ఇత్తో, హద్దూ ఉబాస్సుకు భార్య; తూదా వాళ్ళ కూతురు, ఆ ఉబాస్సు ఇంటిపేరే దానిదీ. మర్నాడే బతూల్ విడాకుల అర్జీ వేసింది. పిల్ల ఉంది కాబట్టి రాజీ కోసం రెండుసార్లు పిలిచారు. ఈమె నా భార్యే కాదన్న మనిషిని, నీ భార్యతో కాపురం చేస్తావా అని రెండుసార్లూ అడిగారు. వాడు చేయనన్నాడు. ఇత్తో కూడా అదే మాట అంది. వాళ్ళిద్దరూ ఏకమైంది అక్కడొక్కచోటే.

విడాకులు వచ్చాయి. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది, తండ్రి ఆదివారాలు చూడొచ్చు అన్నారు. వాడు రెండు ఆదివారాలు వచ్చి మానేశాడు. తన తల్లి యమ్నా గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

విడాకుల పత్రం అందిన రోజున యమ్నా సంఘం గదికి వచ్చింది.

"నీకోసం రాలేదే నేను కోర్టుకి," అంది ఇత్తోతో. "పిల్లని శుక్రవారాలు పంపు. కుస్కుస్ తిని వస్తుంది."

"పంపుతాలే అత్తా."

"ఒప్పందం రాయించనా?" అంది బతూల్.

"రాయించు. కాగితం లేకపోతే ఏమవుతుందో చూశాంగా," అంది యమ్నా.

అక్టోబరులో తూదా బడికి వెళ్ళింది. నాలుగో రోజున టీచరు ఇత్తోను పిలిపించి, మీ అమ్మాయి రోజూ గైర్హాజరవుతోందని చెప్పింది. తూదా మొదటి బల్ల మీదే కూర్చుని ఉంది. తూదా ఉబాస్సు అని టీచరు పిలుస్తుంటే, ఆ పేరుగల పిల్ల ఇంకెవరో అనుకుని రోజూ వెనక్కి తిరిగి చూస్తోందట.