నాడి నెమ్మదించేదాకా

నేను ఒక సీటీ స్కాన్ యంత్రాన్ని. గుండెను కోయకుండానే దాని రక్తనాళాలను చూపించడం నా పని. ఎక్కడో సముద్రాల అవతల పుట్టాను. విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రికి తొమ్మిదేళ్లు చాకిరీ చేశాను. అక్కడికి కొత్త యంత్రం రాగానే పలాసలోని ఈ చిన్న ఆసుపత్రికి నన్ను అమ్మేశారు. నా ఎక్స్‌రే కిరణాలు ఒంటికి ఎంత తక్కువ తగిలితే అంత మేలని మనుషులందరికీ తెలుసు. తొందరలో ఉన్నప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

నన్ను నడిపే కుసుమకు గుర్తుంటుంది.

ఒక ఉదయం పైడమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టే మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు, నలభై రెండు కిలోలు. నెలరోజులుగా గుండెల్లో నొప్పి. అప్పటికే ఆ ఏడాది వేరేచోట రెండుసార్లు సీటీ స్కానింగు చేశారట. భయానికి నాడి తొంభై ఎనిమిది కొడుతోంది.

అంత వేగంగా ఆడే గుండెను పట్టడానికి రెండు దారులున్నాయి. ఆగకుండా కిరణాలు కురిపించడం ఒకటి. మందుబిళ్ల వేసి, గుండె నెమ్మదించాక, ప్రతి చప్పుడులో అది కాస్త నిలకడగా ఉండే క్షణంలోనే కిరణం వదలడం రెండోది.

"బయట ఆరుగురున్నారు. కిరణాలు ఫుల్ డోసు పెట్టి తీసెయ్యి," అన్నాడు గుండె డాక్టరు భాస్కరమూర్తి.

"బిళ్ల రాయండి సార్. గంట ఆగుదాం," అంది కుసుమ.

"అప్పుడూ బొమ్మ సరిగా రాకపోతే?"

"తప్పు నాదని రాసుకోండి. వంద కిలోల మనిషికి పెట్టే డోసు ఈవిడకి పెట్టమంటే మాత్రం నేను మీట నొక్కను."

డాక్టరు ముఖం ఎర్రబడింది. మందు రాసి విసురుగా వెళ్లిపోయాడు.

"నా మూలంగా మీకు మాటొచ్చిందేటమ్మా?" అంది పైడమ్మ.

"నీ మూలంగా కాదులే. ఆ జీడి మరక చేతినుంచి ఎలా పోతాదో చెప్పు."

"అది పోదమ్మా. మనకే అలవాటైపోద్ది."

అలా మాట్లాడుతుండగా ఆమె ఊపిరి కుదుటపడింది. గంట గడిచేసరికి నాడి అరవైకి దిగింది. కుసుమ ఆ బక్క ఒంటికి తగ్గట్టు నా శక్తి తగ్గించి, ఊపిరి బిగబట్టమని చెప్పి మీట నొక్కింది. తెరమీద పడిన డోసు ఎప్పుడూ పెట్టేదాంట్లో పావు వంతు కూడా లేదు. బొమ్మలో ఒక నాళం సన్నబడిపోయి స్పష్టంగా కనిపించింది.

డాక్టరు దాన్ని రెండుసార్లు పెద్దది చేసి చూశాడు. స్టెంటుకు ఏర్పాట్లు చేయమన్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, కుసుమ ముఖం చూడకుండానే అన్నాడు: "రేపట్నుంచి అందర్నీ గంట ముందే రమ్మను. బిళ్ల వేసే కూర్చోబెట్టు."

పైడమ్మ బతికింది. మూడోనెల మళ్లీ పనిలోకి వెళ్లింది.

ఈ రోజు నా స్థానంలోకి కొత్త యంత్రం వచ్చింది. బిగించడానికి వచ్చిన ఇంజినీరు, "డోసు ఇదే తగ్గించుకుంటుంది మేడమ్, మీరిక ఆలోచించక్కర్లేదు," అన్నాడు.

"ఎంత తగ్గించిందో ప్రతిసారీ నేను చూస్తాను," అంది కుసుమ.

నా బోల్టులు ఊడదీస్తున్నారు. ఊడదీయనివ్వండి. ఆమెను మాత్రం అంగుళం కదపలేకపోయారు.