కత్తి మీద నురగ గీత

తవిటయ్య కాళ్ల కింది నేలని వైకుంఠరావు అమ్మేశాడు.

సొంత తమ్ముడు.

ముప్పై ఏళ్లు ఆ నేల మీద నిలబడే సమ్మెట ఎత్తాడు తవిటయ్య. తిత్తి ఊదితే బొగ్గు ఎర్రగా కళ్లు తెరిచేది. కాలిన ఇనుము వాసన... అందులోకి జీడితోటల మీంచి వచ్చే ఉప్పుగాలి. అదీ కొలిమి. అదీ అతని బతుకు.

తండ్రి పోతూ పోతూ ఆ చోటు, కాశీబుగ్గ రోడ్డు పక్కన ఎనిమిదిన్నర సెంట్లు, చిన్నకొడుకు పేరున రాశాడు. చిన్నకొడుకు అమ్ముకున్నాడు. ఆ డబ్బు పట్టుకుని ఎక్కడికో పోయి కత్తులు కొట్టడం నేర్చుకున్నాడు. వరి కోసే కొడవళ్లా, కొబ్బరికాయ కొట్టే కత్తులా అంటే అవీ కావు.

రాజుల కత్తులు.

రాజులు లేని కాలంలో.

తవిటయ్య ఇప్పుడు రోడ్డు పక్కన పరదా కింద కొడతాడు. వాన పడితే నిప్పు ఆరిపోతుంది. తమ్ముడితో మాట ఎప్పుడో ఆరిపోయింది.

టెక్కలి మ్యూజియంలో కత్తుల ప్రదర్శన అన్నారు. ఈ కాలపు కమ్మరులు చేత్తో కొట్టినవేనట, అన్నీ. కాశీబుగ్గలో ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద వైకుంఠరావు ముఖం. గాలికి ఉబ్బుతూ, ముడుచుకుంటూ, మళ్లీ ఉబ్బుతూ...

“ఒకపాలి ఎల్లొద్దుం, మావా” అంది భార్య సన్యాసమ్మ.

“ఆడి మొకం సూడ్డానికా.”

“మొకం ఎందుకూ, కత్తి సూడు. కత్తేటి సేసింది నిన్ను.”

జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీకి ఒక పూట సెలవు పెట్టింది. ఆమె వేళ్లకు జీడినూనె మరకలు. ఏ సబ్బుకీ పోనివి.

బస్సు కిటికీ పక్కన కూర్చుని తవిటయ్య ఒకటే అనుకున్నాడు. గ్రైండరు గీతలు పట్టుకోవాలి. మిషను పని అని తేల్చాలి. నలుగురి ముందూ నవ్వి వచ్చెయ్యాలి. తమ్ముడితో మాత్రం పలకకూడదు. పలికితే ఇన్నేళ్ల కోపం చులకనైపోతుంది.

ఆ కోపం తప్ప, ఆ నేలకు ఇంకో గుర్తు అతని దగ్గర లేదు.

హాలు చల్లగా ఉంది.

గాజు పెట్టెల్లో కత్తులు పడుకుని ఉన్నాయి. పొడుగువి. పొట్టివి. నెలవంకలా వంగినవి. పాములా మెలికలు తిరిగినవి. ఒక్క బొండాం కూడా నరకనివి. ఒక్కో పెట్టె ముందు చిన్న అట్ట — కమ్మరి పేరు, ఊరు. పేర్లు తెలియవు. ఊళ్లు వినలేదు. కుర్రాళ్లు కత్తుల ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు, వీరుల్లా ముఖాలు బిగించి.

తవిటయ్య మొదటి కత్తి మీదికి వంగాడు. పిడి దగ్గర చూశాడు. మొన దగ్గర చూశాడు.

గ్రైండరు గీత లేదు.

రెండోదాని ఒంటి మీద సుత్తి దెబ్బలు అలాగే ఉంచేశారు. వాన మొదట్లో ఇసుక మీద పడే గుంటల్లా. బాగుంది. బాగుందనుకున్నందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

మూడోది రెండు రకాల ఇనుముని తాడులా పేని కొట్టినట్టుంది. నల్లదొకటి, తెల్లదొకటి. ఎలా పేనాడు? ఏ వేడిలో? ఒకటి కరిగి రెండోది కరక్కపోతే?

తెలియకుండానే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నవ్వడానికి వచ్చినవాడు నవ్వడం మరిచిపోయాడు.

చివరి పెట్టెలో తమ్ముడి కత్తి.

దాని మీద ఏ అలంకారమూ లేదు. పిడికి బొమ్మల్లేవు. కొంచెం వంగి, ఒట్టిగా, నిదానంగా ఉంది. అంచు పొడుగునా మాత్రం ఒక గీత.

పాలలాంటి గీత.

కెరటం వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే నురగ గీత... అచ్చం అదే. పడవలకి లంగర్లు ఇవ్వడానికి భావనపాడు వెళ్లినప్పుడల్లా తవిటయ్య చూసే గీత. ఒంపులు పోతూ, ఏ ఒంపూ ఇంకో ఒంపులా ఉండకుండా.

రంగా? గోరుతో గీకి చూడాలనిపించింది. గాజు అడ్డం.

చెక్కుడా? చెక్కితే నీడ పడాలి. పడలేదు.

అటు వంగితే గీత మాయమైంది. ఇటు వంగితే వచ్చింది.

తవిటయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

కత్తి ఎర్రగా కాలాక తనూ అంచు వరకే నీళ్లలో ముంచుతాడు. అంచు గట్టిపడుతుంది. వీపు మెత్తగా ఉండి దెబ్బ కాస్తుంది. తోమి చూస్తే అక్కడా ఒక గీత ఉంటుంది, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అంతవరకు. కానీ అది తిన్నగా ఉంటుంది. తొట్టిలో నీళ్లు తిన్నగానే కదా నిలుస్తాయి.

మరి ఇది ఎందుకు ఒంపులు తిరిగింది?

తొట్టిలో నీళ్లకు కెరటాలు ఎక్కడివి?

ఊపిరి తగిలి గాజు మసకబారింది. తుడిచాడు. మళ్లీ మసక. మళ్లీ తుడిచాడు.

“అద్దం అరిగిపోతాది, మావా” అంది సన్యాసమ్మ.

అప్పుడు వెనక చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. తల తిప్పక్కర్లేదు. అది తండ్రి నడక. తండ్రి నడక వైకుంఠరావుకి వచ్చింది. తండ్రి దగ్గు తవిటయ్యకి వచ్చింది.

“బాగున్నావా, వదినా.”

“బాగున్నాం. మీ అన్న నీ కత్తి కాడ కాపరం పెట్టీసినాడు.”

తవిటయ్య గాజు వైపే చూస్తూ అన్నాడు. “నీ మరిదినడుగు, ఆ గీతేటో.”

“మరిదీ, ఆ గీతేటని అడగమన్నాడు.”

“ఎదురుగా ఉన్నాను కదొదినా. నన్నే అడగమను.”

“మీ ఇద్దరికీ మద్దిన నానేటి, సెల్‌ఫోనా” అంది సన్యాసమ్మ. “తిట్టుకుంటారో కొట్టుకుంటారో మీరే సూసుకోండి. కత్తులు బోల్డున్నాయి.” వెళ్లి కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది.

ఇద్దరే మిగిలారు. మధ్యలో కత్తి.

వైకుంఠరావు కాపలా మనిషిని పిలిచి తాళం తీయించాడు. కత్తిని రెండు చేతులా బయటికి తీశాడు. తవిటయ్య చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్లింది.

వైకుంఠరావు ఆ చేతికి ఇవ్వలేదు.

నేల మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టాడు.

కత్తిని చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పడదు. ఒకరు కింద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. కొలిమి ఇంట్లో పుట్టినవాళ్లకి అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

తవిటయ్యకి చేదుగా నవ్వొచ్చింది.

“ఇంకేటి మిగిలిందిరా, మనకి సెడ్డానికి.”

అన్నాక తెలిసింది — పలికేశాడు.

“ఏటో, అన్నియ్యా.” వైకుంఠరావు కళ్లు ఎత్తలేదు. “మిగిలుంటాదేమోనని.”

కత్తి కింద ఉంది. కిటికీలోంచి గాలి వచ్చింది, తీరం నుంచి తోటలన్నీ దాటుకుని... గుడ్డ కొస కొంచెం లేచి పడింది.

తవిటయ్య వంగి తీసుకున్నాడు.

బరువుంటుందనుకున్నాడు. చేతిలో బతికున్న చేపలా కదిలింది. వెలుగుకి పట్టాడు. నురగ గీత వచ్చింది. పోయింది. వచ్చింది. ఇక ఆగలేకపోయాడు.

“నీల్లు ఒంపుగా ఎలా నిలబెట్టినావురా.”

“నీల్లు కాదన్నియ్యా. మట్టి.”

“మట్టేటి.”

“కాల్సే ముందు ఈపుకి మట్టి మెత్తుతాం. అంచు ఒగ్గేత్తాం. నీల్లల్లో ముంచితే, మట్టి ఉన్నకాడ వేడి బేగి దిగదు. మెత్తగా ఉండిపోతాది. మట్టి ఎలా ఒంపు తిరిగితే గీత అలా తిరుగుతాది.”

మట్టి.

ఇన్నేళ్లూ దాని మీదే నిలబడ్డాడు. ఇనుముకి రాయాలని తోచలేదు. తవిటయ్య లోపల ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది, ఒక్క క్షణం. కోపం ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు.

“ఏ మట్టైనా పనికొత్తాదా.”

“రాదు. శానా ఊల్ల మట్టి సూసినాను. పేలిపోయీది.” వైకుంఠరావు మట్టి నలిపినట్టు వేళ్లు కదిపాడు. “మన కొలిమి మట్టి ఒకటే నిలబడ్డాది. బొగ్గు నుసి తాగి తాగి ఉన్నాది కదా. అమ్మక ముందు తవ్వి దాసినాను.”

తవిటయ్య బొటనవేలితో కత్తి వీపు తడిమాడు. ఈ కొస నుంచి ఆ కొసకి. నున్నగా, చల్లగా ఉంది.

“ఏదీ మట్టి.”

“నీల్లు తగిలితే రాలిపోతాది, అన్నియ్యా. గీతే ఉంటాది.”

“ఎంత పట్టింది.”

“దీనికా... గుప్పెడు.”

“మిగతాదో.”

వైకుంఠరావు కింద గుడ్డ కొస సర్దాడు. కొలిమి ఉన్నచోట ఇప్పుడు జీడిపప్పు గోడౌను. అడుగున సిమెంటు. బెంచీ మీంచి సన్యాసమ్మ లేచి నిలబడింది కానీ, దగ్గరికి రాలేదు. కత్తి తిరిగి ఇవ్వాలంటే తవిటయ్య కింద పెట్టాలి.

పెట్టలేదు.

వెలుగులో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. గీత వస్తోంది... పోతోంది... వస్తోంది...

కాశీబుగ్గ రోడ్డు పక్కన, సిమెంటు కింద, గుప్పెడు తక్కువ ఎనిమిదిన్నర సెంట్లు.