టైర్లా, బ్రేకులా

పందెం కారుకి ముందుగా టైర్లు మార్చాలని బావ, బ్రేకులు మార్చాలని మెకానిక్ బావమరిది పొద్దుటి నుంచీ కీచులాడుకుంటున్నారు. ప్రతి పందెంలోనూ బావే ఆఖరు. తప్పు టైర్లదేనని తేల్చడానికి ఎన్నడూ పందెంలో తోలని తన భార్యను, దారి గుర్తుగా నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్ల మధ్య తోలమని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు.

"ఈ టైర్లతో మీ అక్క ఒక్క కోనునైనా నిలబడనివ్వదు, చూడరా!"

ఆమె కోన్ల మధ్య మెలికలు తిరిగి, ఒక్కటీ తాకకుండా, అతనికంటే తక్కువ సమయంలో గీత దాటింది. "టైర్లు బానే ఉన్నాయండీ," అంది దిగుతూ.

బావ ముఖం మాడిపోయింది. "పోనీ, బ్రేకులే మార్చరా."

"బ్రేకులూ నిక్షేపంలా ఉన్నాయని ఇప్పుడే తేలింది బావా." బావమరిది డ్రైవరు సీటును అక్క కాళ్లకు సరిపడా ముందుకు జరిపి, బోల్టులు బిగించేశాడు. "రేపటి పందెంలో నువ్వు కోన్లు సర్దు."