రెండు గంపల దారి

పాలకొల్లు కాలువ రేవు నుంచి చేపల బజారుకు ఒకటే వీధి. 1898 ఎండాకాలంలో ఆ వీధిలో బుల్లియ్య బండి చక్రం తగిలి పెద్దింట్లమ్మ పడింది. నెత్తిన చేపల గంప ఉన్న మనిషి తల తిప్పలేదు. వెనక వస్తున్న బుల్లియ్య ఎడమ పక్క నుంచి దాటిపోవాలని ఎద్దుల్ని "దాపల, దాపల" అని అదిలించాడు. ఆ మాట తనకే అనుకుని ఆమె కూడా ఎడమకు జరిగింది.

మోకాలు మానింది. ఆమె మాత్రం గడప దాటలేదు. బుల్లియ్యకు మూడో ఎద్దు దొరికిందని బజారులో నవ్వుకున్నట్టు ఆమె చెవిన పడింది.

వానలు వెనకబట్టాక ఓవర్సీరు ఆశీర్వాదం ఆ వీధిలో నడిచేవాళ్ళకు వేరే దారి వేయించసాగాడు. ఒక పక్క మట్టి ఎత్తు చేయించి, అంచున సున్నం కొట్టిన రాళ్ళు పాతిస్తున్నాడు. పెద్దింట్లమ్మ కోడలు వీరవేణి గంప దించి ఆయన దగ్గరకు వెళ్ళింది.

"ఇంకో మూర వెడల్పు ఇప్పించండి, ఓవర్సీరు గారండి."

"మనిషి నడవడానికి ఇది చాలమ్మా."

"ఇద్దరం పక్కపక్కన నడవాలండి. మా అత్త సిగ్గుపడి ఇంట్లో కూర్చుంది. ముందుంటే తన వెనక ఎవరూ ఉండరు, వెనకుంటే నేను తనకి కనబడను. పక్కనుంటే వస్తుంది."

"అంత ఇస్తే ఎదురెదురు బండ్లు పట్టవు."

బుల్లియ్య బండి దిగి వచ్చాడు. "పట్టకపోతే ఎదురుబండి వచ్చేదాకా కాలువ వంతెన దగ్గర నేనాగుతానండి."

"నువ్వాగు. నా ఎద్దులు ఆగవు" అన్నాడు వెనక బండిలోంచి సత్తియ్య.

"నీ మాట అవి ఎప్పుడు విన్నాయిలే. నేను చెబుతాను వాటికి."

ఇంతలో మిషను బడి పంతులు జ్ఞానప్రకాశం సైకిలు దిగాడు. "మరి నేనెటండి? బండ్లలోనా, మనుషుల్లోనా?"

"చక్రాలున్నాయిగా. బండ్లతోనే" అన్నాడు ఆశీర్వాదం.

"ఎద్దుల వెనకాలా?"

"గంట కొట్టండి పంతులుగారూ. ఎద్దులు కాకపోతే సత్తియ్యయినా తప్పుకుంటాడు" అన్నాడు బుల్లియ్య.

వీరవేణి తన గంప పక్కన ఇంకొకరి గంప తెచ్చి నేల మీద పెట్టింది. ఆశీర్వాదం వాటిని చూశాడు. పాతిన రాళ్ళు పెరికించి, రెండో గంపకు అవతల పాతించాడు.

పని అయిన మర్నాడు పొద్దున్నే వీరవేణి రెండు గంపలు సర్దింది.

"నన్ను చూసి నవ్వుతారే" అంది పెద్దింట్లమ్మ.

"నవ్వనీ అత్తా. ఆపైన చేపలు కొనాల్సింది మన దగ్గరేగా."

వంతెన దగ్గర బుల్లియ్య బండి ఆగి ఉంది. అతను ఎద్దుల పగ్గాలు బిగించి పట్టుకున్నాడు. అత్తాకోడళ్ళు రాళ్ళ లోపల నడిచారు. ఇద్దరూ తల తిప్పలేరు. మోచేతులు తగులుతున్నాయి. బజారు మలుపు వచ్చింది.

"ఏంటే ఆ నడక? మధ్యాహ్నానికి చేరతామా?" అంది పెద్దింట్లమ్మ.

వీరవేణి అడుగు సాగించింది.