వదినమ్మ కళ్ళు

"కదలకు వదినా. కషాయం చెవుల్లోకి కారుతుంది."

వదినమ్మ కదలలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, రెండు కళ్ళ మీదా తడిగుడ్డలు వేయించుకుని, పాదాల వేళ్ళు మాత్రం ఆడిస్తోంది. రోజూ తెల్లవారుజామున జరిగే తంతే ఇది. ముందురోజు సాయంత్రం ముదురు తేయాకు మరిగించి, వడకట్టి, మూతపెట్టి చల్లార్చిన కషాయంలో ఆడపడుచు మెత్తటి గుడ్డలు ముంచి, పిండి, కళ్ళ మీద పరుస్తుంది. గుడ్డలు చల్లగా ఉంటాయి. వాటిని నొక్కిపట్టే వేళ్ళు వెచ్చగా ఉంటాయి. తన కళ్ళకు హాయి ఇస్తున్నది ఏదో వదినమ్మ ఎన్నడూ తేల్చుకోలేదు.

ఇంతలో ఎదురింటి కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అత్తా, మా ఆయనకి కడుపు ఆగట్లేదు."

"నిన్న ఏం తిన్నాడు?" అంది ఆడపడుచు.

"తిననిదేంటో అడుగు."

ఆడపడుచు గిన్నెలోంచి చిక్కటి కషాయం గ్లాసులోకి వంచింది. "చక్కెర వెయ్యకు. వేడిచేసి, ఒక్క గుక్కలో తాగమను."

"ఆ చేదుకి జడిసి కడుపే ఆగిపోతుందిలే," అంది వదినమ్మ గుడ్డల కింద నుంచి. ఎదురింటి కోడలు కిసుక్కున నవ్వి వెళ్ళిపోయింది.

ఆ వరస గదుల్లో ఎవరికి ఏ నలత చేసినా మొదటి మందు తేయాకే. కందిరీగ కుడితే లేతాకు నమిలి అద్దుతారు. పన్ను ఊడితే నానిన ఆకు ముద్ద చేసి అక్కడ కరిచిపట్టుకోమంటారు. పడిశానికి అల్లం దంచి కలుపుతారు. తగ్గితే ఆకు గొప్పతనం. తగ్గకపోతే తోట ఆసుపత్రి ఉండనే ఉంది.

కొండవాలు మొత్తానికీ ఆమె వదినమ్మే. ఆమె ఈ తోటలోకి కోడలిగా వచ్చిన రోజున, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న ఆడపడుచు "వదినా, వదినా" అని గదులన్నీ మారుమోగేలా పిలిచింది. ఆ పిలుపు అందరికీ అంటుకుంది. ఇప్పటి మేస్త్రీ వదినమ్మా అంటాడు. అతని తండ్రి మేస్త్రీగా ఉన్నప్పుడూ అలాగే అనేవాడు. వదినమ్మ పొట్టి మనిషి, గుండ్రటి ముఖం. బుట్ట పట్టీ ఒరుసుకుని నుదుటి మీద నున్నటి గాడి పడింది. ఆకు పసరు పట్టి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. ఎంత తోమినా ఆ నలుపు పోదు. పోగొట్టుకోవాలని ఆమెకూ లేదు.

భర్త ఆకు ఆరబెట్టే మిల్లులో పొయ్యి దగ్గర పని చేసేవాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. పుట్టింటివాళ్ళు వచ్చి ఆమె సామాను సర్దారు. తీరా బయల్దేరేసరికి ఆడపడుచు గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. "నన్ను దాటి వెళ్ళు చూద్దాం," అంది. వదినమ్మ దాటలేదు. మూటలు విప్పేసింది. ఆ తర్వాత ఆ పిల్లకు జడలు వేసింది, చదివించినంత చదివించింది, తనతోపాటు తోటలో పనికి పెట్టింది. సంబంధాలు వచ్చాయి. వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక వంక పెట్టి పంపించేసింది ఆడపడుచు. ఒకడు గొణుగుతాడు, ఒకడిది గురకపెట్టే ముక్కులా ఉంది, ఒకడు చెప్పులు ఈడుస్తాడు. ఇప్పుడు ఆమె చెంపల దగ్గరా నెరిసింది. పొడుగ్గా, సన్నగా, తేయాకు మొక్కలు పెంచే నారుమడి పనికి తగ్గట్టు ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉంటుంది.

కళ్ళ మీది గుడ్డలు తీశాక వదినమ్మ బుట్ట తగిలించుకుని కొండెక్కింది. పొగమంచు దిగి ఉంది. ఆమెకు మంచు ఉన్నా లేకపోయినా ఒకటే. డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడు, వానలు తగ్గాక ఆపరేషను చేద్దామన్నాడు. మనిషి ఎదురుగా వస్తే ఒక మసక, పక్కకు తప్పుకుంటే ఒక వెలుగు, అంతే. కానీ తేయాకు కోతకు కళ్ళతో పనేముంది? పొద మీద అరచెయ్యి ఆనించి జరిపితే చాలు. లేత మొగ్గ మొనదేలి, వెనక నూగుతో మెత్తగా తగులుతుంది. దాని కింద రెండాకులు. బొటనవేలితో వంచితే టప్పున విరుగుతుంది. విరగక సాగిందంటే ముదిరినట్టు. మొగ్గ ఎదగక ముడుచుకుపోయిన రెమ్మ తగిలితే తుంచి అక్కడే పారేస్తుంది. పక్క సాలు ఆడవాళ్ళ కబుర్లన్నీ వింటూనే ఆమె చేతులు నిండుతాయి, బుట్ట బరువెక్కుతుంది.

పాదాల సంగతి వేరు. ఆ రోజు సాలు చివర మురుగు కాలవ ఆనవాలు తప్పి, మోకాలి దాకా దిగబడింది.

"ఏం వదినమ్మా, కాలవలో చేపలున్నాయా?" అని కేకేశాడు మేస్త్రీ.

"ఉన్నాయి. నీ మీసమంత పొడుగున్నాయి," అంది ఆమె. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూ, ఎదురింటి కోడలి భుజం పట్టుకుని పైకి వచ్చింది. మోకాలు భగ్గున మండింది. ఇంట్లో చెప్పొద్దని పెదాల మీద వేలు పెట్టి ఆ పిల్లకు సైగ చేసింది.

మధ్యాహ్నం కాటా దగ్గర ఆకు దించుతుంటే లారీ డ్రైవరు వచ్చాడు. దగ్గు బట్టి మనిషిని పోల్చుకుంది.

"అక్కయ్యా, ఒక్క మాట. రేపు తెల్లారి కొత్త తోటకి మొక్కల ఆఖరి లోడు పోతుంది. అక్కడ వాటిని చూసుకోడానికి మనిషి కావాలన్నారు. గది కూడా ఇస్తున్నారు."

"అయితే?"

"మీ ఆడపడుచుని అడిగాను."

"పనికా?"

అతను మెడ వెనక గోక్కున్న చప్పుడు వినిపించింది. "పెళ్ళికి."

వదినమ్మ బుట్ట దించిన చోటే చతికిలపడింది. అతను పోయినేడాది నుంచీ నారుమడి దగ్గర లారీ ఆపి, అవసరం లేకపోయినా నీళ్ళ డబ్బాలు మోస్తున్నాడని ఆమె విన్నది. ఇంజనుకి నీళ్ళు కాబోలనుకుంది.

"ఏమంది?"

"వద్దంది. మా వదినకి చూపు ఆనదు, ఎలా వదిలేస్తానంది. మీరూ రండి, ముగ్గురం ఉందాం అన్నాను. ఇక్కడి రాయీ రప్పా వదిన కాళ్ళకి కంఠతా వచ్చు, కొత్త చోట నిజంగానే గుడ్డిదైపోతుంది అంది."

అందులో అబద్ధం లేదు.

"నువ్వు అడిగినప్పుడు నవ్విందా?"

"నవ్వింది. వద్దన్నప్పుడు ఏడ్చింది. రెండుసార్లూ మొక్కలకి నీళ్ళు పోస్తూనే ఉంది."

"నీకు తాగుడుందా?"

"టీ తాగుతానండీ."

"గురక?"

"మా ఆవిడ ఉన్నప్పుడు ఉండేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు."

ఆమెకు నవ్వాగలేదు. "వరసకి నువ్వు నాకు అన్నయ్యవవుతావు, వయసుకి తమ్ముడివి. ఏమని పిలవాలో నువ్వే ఆలోచించుకో. పొద్దున లారీ మా గది ముందు ఆపు."

సాయంత్రం ఆడపడుచు ఇంకా రాకముందే వదినమ్మ ఎదురింటికి వెళ్ళింది. "సూదిలో దారం ఎక్కించి ఇయ్యవే. ఏ రంగో కూడా చెప్పు," అంది. ఆ సూదిని రవిక మడతలో గుచ్చి, ఇంకో ఖాళీ సూది, దారపు ఉండ ఒళ్ళో పెట్టుకుని, దీపం పక్కన కూర్చుంది.

ఆడపడుచు వచ్చి గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కోసాగింది. మట్టి వాసన, తడి గోనె వాసన ఆమెకంటే ముందే లోపలికి వచ్చాయి. వస్తూనే మొక్కల సంగతి ఎత్తుకుంది. కణుపుకో ఆకు చొప్పున కత్తిరించి, సంచుల్లో నాటి, నీడలో పెంచిన కొమ్మలన్నీ వేళ్ళు పట్టాయి, లోడుకి సిద్ధంగా ఉన్నాయి అంది.

"వాటితో నువ్వూ వెళ్తున్నావు," అంది వదినమ్మ.

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"వాడు చెప్పాడా?"

"వాడు వీడు అనకు. రేపట్నించి మొగుడు."

"నీ కళ్ళు?"

"నా కళ్ళకేం? నీ కషాయం ఊరికే పోతుందా, వారం నుంచీ తేటపడుతున్నాయి. ఇదిగో చూడు." వదినమ్మ ఖాళీ సూది పైకెత్తింది, దారం కొస నాలుకతో తడిపింది, ఒక కన్ను మూసింది, గోడ వైపు కాస్త తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి సూదిలో దారం వేలాడుతోంది.

ఆడపడుచు దగ్గరకు వచ్చి కూర్చుంది. "ఏ రంగు దారం వదినా?"

"ఎరుపు. నీకు కనపడట్లేదేంటి, కషాయం కావాలా?"

తర్వాత ఆడపడుచు తల మెల్లగా వచ్చి ఆమె ఒళ్ళో వాలింది. వదినమ్మ ఆ జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది. ఎక్కడ పాపిడి తీసేదో వేళ్ళకు ఇంకా గుర్తుంది.

"నన్ను పంపించేస్తున్నావా?"

"ఆ. ఎన్నాళ్ళని మేపను?"

"వారానికోసారి సరుకులకి లారీ ఇటు వస్తుంది. దాంట్లో నేనూ వస్తా."

"రా. రాకపోతే మాత్రం నేనేం ఏడుస్తూ కూర్చోను." అంటూనే ముక్కు ఎగబీల్చింది. "పాడు దీపం, పొగ ఒకటి."

తెల్లవారుతుండగా లారీ వచ్చి ఆగింది. సంచుల్లోని మొక్కలు ఒకదానికొకటి ఒరుసుకుని గలగలమన్నాయి. ఎదురింటి దంపతులు పెట్టె మోశారు. కడుపు కుదుటపడ్డ మొగుడు అందరికంటే గట్టిగా హడావిడి చేస్తున్నాడు. డ్రైవరు గుమ్మంలో నిలబడి, "వెళ్ళొస్తాం... చెల్లెమ్మా," అన్నాడు, తడబడుతూ.

వదినమ్మ మంచం దిగలేదు. వాకిట్లోకి వెళ్తే మెట్టు దగ్గర తూలుతుందని, తూలితే ఆ పిల్ల పెట్టె దింపించేస్తుందని ఆమె భయం. "చలి నాకు పడదు. ఇక్కడ్నించే కనిపిస్తున్నారుగా, వెళ్ళండి," అని వెలుగు వైపు చెయ్యి ఊపింది. ఆడపడుచు వంగి ఆ చెయ్యి పట్టుకుని తన చెంపకి ఆనించుకుంది. చెంప తడిగా ఉంది.

లారీ చప్పుడు మలుపు తిరిగి, ఇంకో మలుపు తిరిగి, పూర్తిగా పోయింది. ఎదురింటి కోడలు వచ్చి, "నీళ్ళు పట్టనా వదినమ్మా?" అంది. "నాకు చేతుల్లేవా?" అని కసిరి, బిందె చంకన పెట్టుకుని లేచింది.

గుమ్మం దగ్గర రోజూలాగే తలుపు చెక్క కోసం చెయ్యి చాచింది. చేతికి తాడు తగిలింది. తలుపు కమ్మీకి బిగించి కట్టి, నడుమెత్తున ముందుకు లాగి ఉంది. రాత్రి తను నిద్రపోయాక ఆడపడుచే కట్టి ఉంటుంది. వదినమ్మ అక్కడే నిలబడిపోయింది. బిందె కింద పెట్టి రెండు చేతులతోనూ తాడు పట్టుకుంది. అప్పుడు బిందె మళ్ళీ చంకన పెట్టుకుని, తాడు వదలకుండా నెమ్మదిగా నడిచింది. కొత్త నైలాను తాడు, ఏ రంగో ఆమెకు తెలియలేదు. మెట్టు దిగే చోట ఒక చిన్న ముడి ఉంది, మొనదేలిన రాయి దగ్గర ఇంకో ముడి, కుళాయి ముందర పిడికిలి నిండా పట్టేంత పెద్ద ముడి.