కడిగిన తొక్కలు

పెరట్లో ఎరువు కుప్ప మా ఆవిడ వేసింది. ఆస్పత్రి మంచం మీంచి నాకు అప్పగించిన పని ఒక్కటే: “కుప్ప ఎండిపోకుండా చూసుకోండి.”

ఆవిడ ఉన్నన్నాళ్లూ ఏ మాటా సరిగ్గా విన్న పాపాన పోలేదు. ఈ ఒక్కటీ తు.చ. తప్పకుండా పాటించాను. పొద్దున బకెట్టు నీళ్లు, సాయంత్రం బకెట్టు నీళ్లు. కూరగాయల తొక్కలైతే కడిగి మరీ వేశాను.

మూడు నెలలకి కుప్ప కంపు కొట్టడం మొదలైంది. పాలవాడు సీసాలు గేటు దగ్గరే వదిలేసి పరిగెత్తేవాడు. పాపం, పాలు వెయ్యడం మాత్రం మానలేదు. నాతోపాటే ఉంటున్న అక్కయ్యకి ఓపిక చచ్చిపోయింది.

“ఒరేయ్, ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే చెత్తబండికి ఎత్తించేస్తా.”

“నీ మరదలు వేసిన కుప్ప అక్కా.”

“అందుకేరా ఇన్నాళ్లు ముక్కు మూసుకున్నాను!”

వీధి చివర వడ్రంగి కొట్టు వెనక కూడా ఒక కుప్ప ఉంది. ఏ వాసనా రాదు. వెళ్లి మేస్త్రిని కిటుకేమిటని అడిగాను.

“నీళ్లు ఎన్ని పోస్తున్నారు మాస్టారూ?”

చెప్పాను. తొక్కలు కడిగే సంగతీ చెప్పాను. చిత్రిక పడుతున్న చెయ్యి ఆగిపోయింది.

“సబ్బు కూడా పెడుతున్నారా?”

“ఒక్కసారే.”

మేస్త్రి బల్ల మీద కూలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుని, బస్తాడు రంపపు పొట్టు నా సైకిలుకి కట్టాడు. “పిండిన గుడ్డంత తడి చాలు. తిరగేసి, ఎండుటాకులూ ఈ పొట్టూ కలపండి. బకెట్టు జోలికి వెళ్లకండి.”

రెండు రోజులు పారతో తిరగేశాను. నడుం పట్టేసింది. అక్కయ్య కిటికీలోంచి అడిగింది: “మరదలు ఎండనివ్వొద్దంది గానీ, ముంచెయ్యమందిట్రా?”

ఆదివారం పొద్దున్నే చెత్తబండి గంట మోగింది. అక్కయ్య ముందు, నేను వెనక. కుప్ప మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. వాన పడ్డ మట్టి వాసన. అక్కయ్య అనుమానంగా చెయ్యి లోపలికి పెట్టి, చటుక్కున లాగేసుకుంది.

“ఒరేయ్, దీనికి జ్వరం వచ్చిందిరా!”

“కాదక్కా, బాగుపడుతోంది.”

నేనూ చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. తియ్యబుద్ధి కాలేదు. అక్కయ్య నన్ను కాసేపు చూసి గేటు వైపు తిరిగింది.

“ఏం లేదు బాబూ, నువ్వెళ్లు!”

మధ్యాహ్నం తొక్కల గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నేను కడగలేదు. నువ్వూ కడగకు.”