చిన్నల్లుడి ఎర్ర అంకెలు

కన్నయ్య ఇంట్లో పోలారావుకి జరిగే మర్యాద చూస్తే, అల్లుడంటే ఇలా ఉండాలిరా బాబూ అనిపించేది ఎవరికైనా. అది పెద్దకూతురు నూకరత్నం మొగుడైనందుకు కాదు, రేడియో మెకానిక్ అయినందుకు. పూండి దాటాక సముద్రం ఒడ్డున కన్నయ్య ఇల్లు. చేపల వేటకెళ్లడానికి ఇంజను పడవ ఉంది. పడవకీ ఒడ్డుకీ మధ్య మాట్లాడుకునే రేడియోలున్నాయి, పడవలో ఒక చిన్న సీబీ సెట్టు, ఇంటి ముందుగదిలో పాతకాలం నాటి పెద్ద సీబీ సెట్టు. మంగమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుని, నడిసముద్రంలో ఉన్న మొగుడితో కూర ఏం వండాలో కూడా మాట్లాడేది. అది మూగబోయిందంటే చాలు, కాశీబుగ్గలో పోలారావు కొట్టుకి కబురెళ్లేది. ఆయన వచ్చి, మూత విప్పి, రెండు తీగలు కదిపి మాట తెప్పించేవాడు. అత్తగారు ఆ పూట కోడిని కోసేది.

రెండువేల మూడు వేసవిలో ఈ వైభోగానికి గండి పడింది.

ఆ పాత సెట్టులో చానెల్‌కి ఒక క్రిస్టల్ ఉంటుంది, మాట ఆ చానెల్ దాటిపోకుండా పట్టి ఉంచే చిన్న బిళ్ల. పడవతో మాట్లాడే పద్నాలుగో చానెల్ క్రిస్టల్ చిట్లిపోయింది. విశాఖపట్నం దాకా వెతికించి పోలారావు పెదవి విరిచేశాడు. అలాంటి క్రిస్టళ్లు ఇప్పుడెవరూ చేయడం లేదని, సెట్టు పాత సామాన్లవాడికి ఇచ్చేయమని మావగారికి చెప్పేశాడు. తన వల్ల కానిది ఇంకెవడి వల్ల అవుతుందనుకున్నాడు పాపం.

కామేశ్ వల్ల అయింది. కామేశ్ అంటే ఆ ఇంటి చిన్నల్లుడు, నూకరత్నం చెల్లెలు ప్రవల్లిక మొగుడు. టెక్కలిలో టీవీలు బాగుచేస్తాడు. సెట్టు పట్టుకెళ్లి, ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక బోర్డు తయారు చేశాడు. డిజిటల్ సింథసైజర్ అట దాని పేరు. ఒక్క క్రిస్టల్ పెడితే చాలు, అందులోంచే అన్ని చానెళ్లూ పుట్టిస్తుంది. సెట్టు ముందు వేలితో తిప్పే రెండు పళ్ల చక్రాలు, వాటి పైన ఎర్రగా వెలిగే అంకెలు. ఏ అంకెకి తిప్పితే ఆ చానెల్. ఒడ్డున జనమంతా జాతరకొచ్చినట్టు వచ్చి చూసిపోయారు.

పోలారావూ చూశాడు. చూసి బాగుందన్నాడు. బాగుందన్న మాట బయటికి రావడానికి ఎంత కష్టపడిందో ఆయనకే తెలుసు. ఆ పూట మంగమ్మ కోడి కూర ముందు చిన్నల్లుడికి వడ్డిస్తే, ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు!

ఆమాత్రంతో ఆగినా బాగుండేది. వేట నిషేధం అయిపోవస్తుంటే, ఆ ఒడ్డున అందరూ చేసినట్టే కన్నయ్య కూడా పడవ చెక్కకి జీడిగింజల తొక్కనూనె పూయిస్తున్నాడు. ఆ నూనె పట్టిన చెక్క ఉప్పునీటికి పుచ్చదు. వేట మొదలయ్యే రోజున పడవ ముక్కు మీద కొబ్బరికాయ కొట్టేది ఏటా పెద్దల్లుడే. ఈసారి ఆ కాయ చిన్నల్లుడు కొడతాడని, రేడియోకి ప్రాణం పోసినవాడు కదా అని, నూనె డబ్బా పక్కన నిలబడి కన్నయ్య మామూలుగా అనేశాడు. పోలారావుకి తల తీసేసినట్టయింది.

అప్పుడే కామేశ్ సెట్టు మోసుకొచ్చాడు. ఉప్పుగాలికి బోర్డు పాడైపోతుందేమోనని వాడి బెంగ. చెక్కని కాపాడే నూనె బోర్డుని కాపాడదా అని అనుమానం వచ్చింది. టీ గ్లాసులతో నూకరత్నం అక్కడే ఉంది.

"అన్నయ్యా, బోర్డుకీ ఈ నూనె ఓ పూత పూసెయ్యనా?" అని అడిగాడు.

ఆ నూనె చెమ్మగాలికి ఆరదని, జిగురై చక్రాల సందుల్లో పేరుకుపోతుందని, లోపలి రాగిరేకులు ఒకదానికొకటి అంటవని పోలారావుకి బాగా తెలుసు. జీడి కార్ఖానాల మోటార్లకి అంటిన ఆ జిగురు గీకి గీకి ఆయన వేళ్లు పొక్కులెక్కిన రోజులున్నాయి. చెప్పడానికి ఒక్క మాట చాలు.

"నీకు తెల్దేటి," అన్నాడు, టీ తాగుతూ.

పూస్తే పూయనీ. నాలుగు వారాల్లో మూగబోతుంది, మళ్లీ నా కొట్టుకే కబురొస్తుంది అని లోపల లెక్క వేసుకున్నాడు. అంతకు మించి దురాలోచన లేదు. ఆ కాస్తా చాలదూ! కామేశ్ ఆ పూటే బోర్డుకి నూనె పూసేశాడు.

వేట మొదలైన నెలలోపే కబురు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం కొట్టులో ఫోను మోగింది. బంగాళాఖాతంలో వాయుగుండం, పడవలన్నీ తిరిగి రావాలని టీవీలో చెబుతున్నారు. కన్నయ్య తెల్లారి వేటకెళ్లాడు. సెట్టులో ఎర్రగా పద్నాలుగు వెలుగుతోంది గానీ ఎంత పిలిచినా పడవ నుంచి పలుకు లేదు. పోలారావు నూకరత్నాన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే ఉంది. ముందు కూర్చున్న ఈ పెద్దమనిషికి మాత్రం, ఛీ, లోలోపల సంబరం.

వెళ్లేసరికి కామేశ్ చెమటలు కక్కుతున్నాడు. ఫ్యూజు మార్చాడు, యాంటెనా తీగ మార్చాడు, మీటరు పెట్టి బోర్డంతా వెతికాడు. మంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. పోలారావు ఫ్యూజు వంక చూడలేదు, తీగ వంక చూడలేదు. స్కూటర్లోంచి గిన్నెడు పెట్రోలు తీయించి, మూత విప్పి, తిన్నగా చక్రాల సందుల్లోకి కుంచె పోనిచ్చాడు. నల్లటి జిగురు ఊడొచ్చింది. అంకె పద్నాలుగే చూపిస్తున్నా లోపల రేకులు అంటక మాట ఇంకో చానెల్‌లోకి పోతోందని అందరికీ వినబడేలా చెప్పాడు. ఆరబెట్టి చక్రం తిప్పాడు.

"మంగా, ఏటే, ఇందాకట్నుంచి పలకవు?" అంది సెట్టు, కన్నయ్య గొంతుతో.

మంగమ్మ మైకు లాక్కుని తుఫాను సంగతి అరిచి చెప్పింది. పడవ తిప్పేస్తున్నామని జవాబొచ్చింది. ఇంటి నిండా జనం పోలారావుని పొగిడేవాళ్లే. కామేశ్ రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం అన్నయ్యా అన్నాడు. ఇన్నాళ్లూ పోలారావు ఎదురుచూసింది దీనికోసమే.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే నూకరత్నం వెనకే వచ్చింది.

"మూత తీత్తూనే సక్రాల కాడికే ఎల్లినావు. ఆడు నూనె పూయనా అని నిన్నడిగిన నాడే నీకు ఎరిక కదా?"

అబద్ధమాడదామనుకున్నాడు. కళ్లెత్తలేకపోయాడు.

"ఆడిని సూసి కుళ్లిపోనాను రత్నం. సెట్టు మూగబోతే నన్ను పిలుత్తారనుకున్నాను గానీ, ఇలాటి రోజొత్తాదనుకోనేదు."

"ఆ పడవలో ఉన్నోడు మా అయ్య," అంది నూకరత్నం.

లోపల్నుంచి మంగమ్మ కేకేసింది, మావగారు పెద్దల్లుడితోనే మాట్లాడాలంటున్నారని. పోలారావు వెళ్లి పీట మీద కూర్చున్నాడు. జనం జరిగి దారిచ్చారు. మైకు చేతిలో పెట్టారు. నూకరత్నం గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అల్లుడా, నువ్వుండబట్టి బతికినాం," అన్నాడు కన్నయ్య, గాలి హోరులోంచి. "నా కడుపున పుట్టినోడైనా ఇంతకన్నా సేత్తాడేటి?"

జవాబు చెప్పాలంటే మైకు మీద మీట నొక్కాలి. పోలారావు బొటనవేలు ఆ మీట మీదే ఉంది గానీ నొక్కడం లేదు.

"ఏటి అల్లుడా, పలకవు?" అని పిలిచింది సెట్టు.